ఫేస్‌బుక్ వాట్సాప్‌ని కొనకుండా ఆపాల్సిందా?

గట్టుమీద_కాకి: 2014 ఫిబ్రవరిలో వాట్సాప్‌ని 19 బిలియన్ డాలర్లకు కొంటున్నట్టు ఫేస్‌బుక్ ప్రకటించింది. అప్పటికి వాట్సాప్‌లో ఉద్యోగులు 55 మంది, వాడేవాళ్ళు 45 కోట్లు. అంతకు రెండేళ్ళ ముందు ఇన్‌స్టాగ్రామ్‌ని బిలియన్ డాలర్లకు కొంది. ఎక్కడ మంచి మొక్క కనబడితే అక్కడ పీకి తన పెరట్లో నాటుకోవడమే దీని ఎదుగుదల. ఆ రోజే ఆపాల్సింది, ఇప్పుడైనా విడగొట్టాలి. కాదనేవాళ్ళు చెప్పండి.

లెక్కల_మాస్టారు: 19 కాదు, దాదాపు 22. చెల్లింపులో ఎక్కువ భాగం ఫేస్‌బుక్ షేర్లే. అక్టోబరులో బేరం పూర్తయ్యేసరికి ఆ షేరు ధర పెరిగింది. చర్చ పెట్టేముందు అంకె చూసుకోవాలి.

గట్టుమీద_కాకి: ప్రకటించిన ధర రాశాను మాస్టారూ.

లెక్కల_మాస్టారు: అగ్రిమెంటు నాటి రేటు వేరు, రిజిస్ట్రేషన్ నాటి రేటు వేరు.

పచ్చళ్ళ_పద్మ: ఎంతకి కొంటే మనకెందుకండీ? మొదట్లో వాట్సాప్ ఏడాదికి డాలరు అడిగేది. వీళ్ళు కొన్నాక, 2016లో అదీ తీసేశారు. నేను ఇంట్లోనే ఆవకాయ, గోంగూర పెట్టి అమ్ముతాను. స్టేటస్‌లో ఫొటో పెడితే సాయంత్రానికి ఆర్డర్లు. మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. ఒకప్పుడు కాలింగ్ కార్డు కొని చేసేవాడు, నిమిషాలు అయిపోతాయని సగం మాటలు మింగేసేవాళ్ళం.

సికింద్రాబాద్_శ్రీను: పద్మక్కా, గోంగూర అరకిలో ఎంత?

గట్టుమీద_కాకి: ఉచితం ఎక్కడిదండీ! బేరం పరిశీలిస్తున్నప్పుడు యూరోపియన్ కమిషన్‌కి ఏం చెప్పారు? వాట్సాప్ ఖాతానీ ఫేస్‌బుక్ ఖాతానీ వాటంతటవే సరిగ్గా జతపడేలా చేయడం కుదరదని. 2016లో ఆ పనే మొదలుపెట్టారు. 2017లో 11 కోట్ల యూరోల జరిమానా పడింది. మన దగ్గర, ఫేస్‌బుక్‌తో సమాచారం పంచుకోవడానికి ఒప్పుకోవాల్సిందేనన్న 2021 నాటి వాట్సాప్ ప్రైవసీ పాలసీ మీద కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో 213.14 కోట్ల రూపాయలు వేసింది. వాట్సాప్ పెట్టిన ఇద్దరిలో ఒకడు, బ్రయాన్ యాక్టన్, 2018లో ఫేస్‌బుక్ డిలీట్ చేయమని ట్వీట్ చేశాడు.

పచ్చళ్ళ_పద్మ: అమ్మిన డబ్బు జేబులో వేసుకున్నాకే కదా చేశాడు. నాకూ అంత ఇస్తే నేనూ చేస్తాను.

కరీంనగర్_కుర్రాడు: 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని మెసేజ్‌లొచ్చి మనుషుల్ని కొట్టి చంపారు. ఆ తర్వాతే ఫార్వర్డ్ ఐదు చాట్లకే అన్నారు. అంతకుముందు నిద్రపోయారా?

లెక్కల_మాస్టారు: అది వేరే విషయం. బేరం మాత్రం 22.

గట్టుమీద_కాకి: పద్మగారూ, మీ గోంగూర అమ్ముడుపోవడానికి దేశం మొత్తం సమాచారం తాకట్టు పెట్టాలా?

పచ్చళ్ళ_పద్మ: మర్యాదగా మాట్లాడండి. ఆపండి, విడగొట్టండి అనడం నెల తిరిగేసరికి జీతం పడేవాళ్ళకి తేలిక. నా ఖాతాదారులంతా అందులోనే ఉన్నారు, వాళ్ళని ఎక్కడికి తోలుకుపోను? నచ్చనివాళ్ళు తీసేసుకోవచ్చుగా, ఎవరైనా మెడ మీద కత్తి పెట్టారా?

లెక్కల_మాస్టారు: నేను తీసేశానమ్మా. 2021లోనే, ఆ పాలసీ చదివి. మా పింఛనుదారుల సంఘం ఇదివరకు పోస్టుకార్డు వేసేది. ఇప్పుడన్నీ గ్రూపులోనే. స్టాఫ్‌రూములో నా పక్క కుర్చీలో ముప్పై ఏళ్ళు కూర్చున్న మనిషి పోయాడు. పన్నెండో రోజు కూడా అయిపోయాక నాకు తెలిసింది. అడిగితే, ‘గ్రూపులో పెట్టాం కదండీ’ అన్నారు.

సికింద్రాబాద్_శ్రీను: అయ్యో మాస్టారూ.

గట్టుమీద_కాకి: చూశారా, నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే.

పచ్చళ్ళ_పద్మ: కాదు. మీరు కంపెనీని విడగొట్టమంటున్నారు. ఆయన పోస్టుకార్డు అడుగుతున్నారు.

లెక్కల_మాస్టారు: పోస్టుకార్డు కూడా కాదమ్మా. ఒక కంపెనీ సిమ్ నుంచి ఇంకో కంపెనీ సిమ్‌కి ఫోన్ పోతోందిగా. నేను వేరే యాప్‌లో ఉన్నా గ్రూపు మెసేజ్ అలాగే రావాలి. యూరప్‌లో డిజిటల్ మార్కెట్స్ చట్టం అలాంటిదే అడుగుతోంది. కొనడం ఆపి ఉంటే అది దానంతటదే వచ్చేదని నేను అనుకోను.

గట్టుమీద_కాకి: అంటే మీరు నా పక్షం కాదా?

పచ్చళ్ళ_పద్మ: మాస్టారి మాటకైతే నాకు అభ్యంతరం లేదు. మీ దగ్గరికి వచ్చిన మెసేజ్‌తో నా ఆర్డరేమీ పోదు. అదేదో ముందే చెప్పొచ్చుగా మాస్టారూ, 19, 20 అంటూ కూర్చోకుండా!

లెక్కల_మాస్టారు: 22.