పన్ను సగానికి తగ్గిస్తే గొడవ ఎందుకు చేశారు? (అమెరికా, 1764)

అడిగినవారు: చలిఊరు

అందరికీ నమస్కారం. మేం మసాచుసెట్స్‌లో ఉంటాం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, ఈ నెలంతా వాళ్లకి బ్రిటిష్ పాలనలో ఉన్నప్పటి అమెరికా పాఠాలే. నిన్న రాత్రి అన్నం తింటూ ఒకటి అడిగింది, నాకు జవాబు తెలియలేదు. 1733లో విదేశీ మొలాసిస్ మీద గ్యాలన్‌కి 6 పెన్స్ సుంకం వేశారట. 1764లో షుగర్ యాక్ట్ అని తెచ్చి దాన్ని 3 పెన్స్ చేశారట. సగానికి సగం తగ్గింది కదా, మరి జనానికి కోపం ఎందుకొచ్చింది నాన్నా అంటుంది. మేం చదువుకున్నప్పుడు టీ పెట్టెలు సముద్రంలో పారేశారు అని ఒక్క ముక్క చెప్పి వదిలేశారు, అంతకు ముందు సంగతి నాకేమీ తెలియదు. అసలు మొలాసిస్ కోసం దేశాలు కొట్టుకోవడం ఏంటి? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా రాయండి, రేపు దానికి చెప్పాలి.

రేవుకబుర్లు

అమ్మాయి భలే పట్టుకుందండీ. చట్టంలో రాసిన రేటు పక్కన పెట్టి, రేవులో నిజంగా ఎంత కట్టేవాళ్లో చూడండి, సంగతి అర్థమైపోతుంది. ఆ 6 పెన్స్ దాదాపు ఎవరూ కట్టలేదు.

మొలాసిస్ అంటే మన చక్కెర ఫ్యాక్టరీల నుంచి డిస్టిలరీలకు ట్యాంకర్లలో పోయే మడ్డే, వేరే ఏం కాదు. న్యూ ఇంగ్లండ్‌లో, అంటే మీ మసాచుసెట్స్ ఉన్న వైపు, దాంతో రమ్ కాచేవాళ్లు. ఫ్రెంచి దీవుల్లో, అంటే ఇప్పటి హైతీ, మార్టినిక్, గ్వాడెలూప్‌లలో అది చాలా చవక. ఫ్రాన్సులో ద్రాక్ష బ్రాందీ చేసేవాళ్లకి దెబ్బ తగలకూడదని అక్కడి ప్రభుత్వం దీవుల రమ్‌ని దేశంలోకి రానిచ్చేది కాదు, అందుకని తోటల వాళ్లకి మడ్డి మిగిలిపోయేది. న్యూ ఇంగ్లండ్ ఓడలు ఎండుచేప, కలప, పీపాల చెక్కలు, గుర్రాలు తీసుకెళ్లి అక్కడ ఇచ్చేసి మొలాసిస్ నింపుకొచ్చేవి. బార్బడోస్, జమైకాల్లో చెరకు తోటలున్న ఇంగ్లీషు దొరలకి ఇది కడుపుమంట. వాళ్లకి పార్లమెంటులో పలుకుబడి ఉంది కాబట్టి 1733 చట్టం చేయించుకున్నారు. సరుకు ధరతో దాదాపు సమానమైన సుంకం అంటే ఇంక కొనొద్దు అని చెప్పడమే, ఖజానాకి డబ్బు రావాలని వేసింది కాదు.

మరి ముప్పై ఏళ్లు ఎలా నడిచింది అంటే, లంచంతో. గ్యాలన్‌కి ఒక పెన్నీయో, ఒకటిన్నరో అధికారి చేతిలో పెడితే పీపాలు దిగిపోయేవి. చాలాసార్లు ఉద్యోగం పేరున్న పెద్దమనిషి ఇంగ్లండ్‌లోనే కూర్చుని, ఇక్కడ తక్కువ జీతానికి ఎవరినో పెట్టేవాడు, ఆ మనిషి లంచం తీసుకోక ఏం చేస్తాడు. లండన్‌లో వాళ్లకీ ఇది తెలుసు, వ్యాపారం సాగుతోంది కదా అని చూసీ చూడనట్టు ఉన్నారు.

1763లో ఫ్రాన్సుతో ఏడేళ్ల యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ అప్పు 12 కోట్ల పౌండ్లు దాటింది. ప్రధాని గ్రెన్‌విల్ లెక్క తీస్తే అమెరికాలో కస్టమ్స్ రాబడి కంటే ఆ సిబ్బంది ఖర్చే ఎక్కువ తేలింది. దాంతో 3 పెన్స్ పెట్టి, ఈసారి నిజంగా వసూలు చేస్తాం అన్నాడు. కాగితం మీద 6 నుంచి 3కి దిగింది, వ్యాపారి జేబులోంచి పోయేది మాత్రం ఒకటిన్నర నుంచి 3కి ఎక్కింది. అమ్మాయికి ఈ ఒక్క మాట చెప్పండి చాలు.

పాతదావా

పైన రాసినది నిజమే, నేను కోర్టు పనిలో ఉన్నవాడిని కాబట్టి నాకు రేటు కంటే వసూలు చేసిన పద్ధతి పెద్దగా కనిపిస్తుంది. అప్పటిదాకా దొంగసరుకు కేసు మామూలు కోర్టుకి వెళ్తే జ్యూరీలో కూర్చునేది అదే ఊరివాళ్లు, ముద్దాయిని వదిలేసేవాళ్లు. అందుకని కొత్త చట్టంలో వైస్ అడ్మిరాల్టీ కోర్టుల్లో, అంటే ఓడల వ్యవహారాలు చూసే కోర్టుల్లో, కేసు వేయొచ్చు అన్నారు. అక్కడ జ్యూరీ ఉండదు, రాజు తరఫు జడ్జి ఒక్కడే. కెనడా వైపు హాలిఫాక్స్‌లో కొత్తగా ఒకటి పెట్టారు, బోస్టన్ వ్యాపారి ఓడ పట్టుబడితే అంత దూరం వెళ్లి వాదించుకోవాలి. సరుకు సక్రమమని రుజువు చేసుకోవాల్సింది కూడా ఓడ యజమానే. ఒకవేళ గెలిచినా, అధికారి అనుమానపడటానికి కారణం ఉందని జడ్జి రాసిస్తే నష్టపరిహారం అడగడానికి లేదు. మామూలుగా, జప్తు చేసిన దాంట్లో మూడో వంతు రాజుకి, మూడో వంతు గవర్నర్‌కి, మూడో వంతు పట్టించినవాడికి. ఇలా వాటా ఉన్నప్పుడు అధికారి ఎవరిని వదులుతాడు చెప్పండి.

ఇంకోటి, చట్టం మొదట్లోనే ఇది ఆదాయం కోసం అని రాసుకున్నారు. అప్పటిదాకా అక్కడి ప్రజల మీద పన్ను వేసింది వాళ్ల అసెంబ్లీలే. గవర్నర్‌ని రాజు పంపినా చాలా కాలనీల్లో అతని జీతం ఇచ్చేది అసెంబ్లీ, మాట వినకపోతే జీతం ఆపేవాళ్లు. రోడ్ ఐలండ్, కనెక్టికట్‌లో అయితే గవర్నర్‌నే వాళ్లు ఎన్నుకునేవాళ్లు. ఇలా వందేళ్లు అలవాటుపడ్డ మనుషులకి, మా ప్రమేయం లేకుండా లండన్‌లో పన్ను వేయడమేంటి అనిపించడం సహజం. వాళ్ల కోపం నాకు న్యాయంగానే కనిపిస్తుంది.

తెరచాప

పాతదావా గారూ, న్యాయం మాట దగ్గర నేను మీతో పూర్తిగా ఒప్పుకోలేను. 1766లో పార్లమెంటు సుంకాన్ని 1 పెన్నీ చేసింది, ఇంగ్లీషు సరుకైనా ఫ్రెంచి సరుకైనా ఒకటే రేటు. అది అచ్చంగా ఆదాయం కోసం వేసిన పన్నే, అయినా పెద్ద గొడవ లేకుండా కట్టారు. సూత్రమే ముఖ్యమైతే అప్పుడూ గొడవ చేయాలి కదా? లంచం రేటుకి పన్ను దిగింది, ఊరుకున్నారు.

ఇంకో సంగతి ఎవరూ రాయలేదు. 1764 జనవరిలో రోడ్ ఐలండ్ ప్రభుత్వం లండన్‌కి పంపిన విన్నపంలో లెక్కలన్నీ ఉన్నాయి, అమ్మాయికి క్లాసులో పనికొస్తాయి. ఏడాదికి 14,000 పీపాల మొలాసిస్ దిగుతుంది, అందులో ఇంగ్లీషు దీవుల నుంచి 2,500కి మించి రాదు, మా దగ్గర ముప్పైకి పైగా రమ్ బట్టీలు ఉన్నాయి, ఏటా సుమారు 18 ఓడలు 1,800 పీపాల రమ్‌తో ఆఫ్రికా తీరానికి వెళ్తాయి అని రాశారు. ఆ రమ్ ఇచ్చి కొన్నది మనుషుల్ని. తమ నోటితోనే, ఏ జంకూ లేకుండా రాసుకున్నారు. 1709 నుంచి 1807 వరకూ రోడ్ ఐలండ్ ఓడలు ఇలాంటి ప్రయాణాలు తొమ్మిది వందలకు పైగా చేశాయి, లక్షకు పైగా ఆఫ్రికన్లను ఎక్కించుకున్నాయి. ఆ బానిసల చేతనే చెరకు నరికించారు, దాని మడ్డే మళ్లీ రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్ రేవుకి వచ్చింది. బోస్టన్, న్యూపోర్ట్ వాళ్లు ఓడల్లో అమ్మిన ఎండుచేపలో నాసిరకమంతా ఆ తోటల బానిసల తిండికే. స్వేచ్ఛ గురించి వాళ్లు రాసినవి నేనూ ఇష్టంగా చదివాను, కానీ ఈ పీపా లెక్క పక్కన పెట్టకుండా చదవలేకపోతున్నాను.

న్యూపోర్ట్ పాత శ్మశానంలో గాడ్స్ లిటిల్ ఏకర్ అని ఒక భాగం ఉంది, ఆ కాలపు ఆఫ్రికన్ల సమాధులు పేర్లతో సహా రాళ్ల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. మీరు దగ్గరే కాబట్టి తీసుకెళ్లండి.

చలిఊరు

ముగ్గురికీ చాలా థ్యాంక్స్ అండి. ఒకటిన్నర నుంచి 3కి ఎక్కింది అనగానే దానికి వెంటనే వెలిగింది. తెరచాప గారూ, మీరు రాసింది చదివి వినిపిస్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఆ విన్నపంలో బానిసల గురించి ఏమీ లేదా నాన్నా అని అడిగింది. పీపాల పక్కన వాళ్లు కూడా ఒక లెక్కేనమ్మా అన్నాను, అంతకంటే ఏం చెప్పాలో తోచలేదు. న్యూపోర్ట్ మాకు కారులో గంటన్నర. ఈ శనివారం వెళ్తున్నాం, ఆ రాళ్ల మీద పేర్లు నోట్‌బుక్‌లో రాసుకుంటానంటోంది.