హోటల్ బిల్లులో సర్వీస్ ఛార్జ్: కట్టేద్దామా, తీయిద్దామా?

మణికొండ భోజనప్రియ

మాదాపూర్, జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు చాలా రెస్టారెంట్ల బిల్లుల్లో అడుగున సర్వీస్ ఛార్జ్ అని ఒక లైన్ ఉంటోంది. కొన్నిచోట్ల 5 శాతం, కొన్నిచోట్ల 10. మీరు ఏం చేస్తున్నారు? నా మాట ముందే చెప్పేస్తున్నాను. తీసేయమని అడగాలి. ప్రతిసారీ అడగాలి.

ముందు లెక్క చూడండి. 2000 రూపాయల తిండి తిన్నామనుకుందాం. 10 శాతం అంటే 200. అక్కడితో ఆగదు. ఆ 2200 మీద 5 శాతం జీఎస్టీ వేస్తారు, ఇంకో 110. మొత్తం 2310. ఆ లైన్ లేకపోతే 2100తో పోయేది. చాలామంది ఇదీ ఒక పన్నే అనుకుని కట్టేస్తున్నారు. ఆ 200 పన్ను కాదు, హోటల్ వాళ్లు తమకు తాము వేసుకున్నది.

2022 జులై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ (సీసీపీఏ) మార్గదర్శకాలు ఇచ్చింది. అడగకుండా బిల్లులో కలపకూడదు, వేరే పేరు పెట్టి కూడా వసూలు చేయకూడదు, కట్టనన్నవాళ్లను లోపలికి రానివ్వకపోవడం కుదరదు, దాన్ని తిండి బిల్లులో కలిపి మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు. హోటల్ సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి అదే నెలలో స్టే తెచ్చుకున్నాయి. చివరికి 2025 మార్చి 28న కోర్టు ఆ పిటిషన్లు కొట్టేసింది. రెండు సంఘాలకూ చెరో లక్ష ఖర్చుల కింద వేసింది. వాళ్లు అప్పీల్‌కు వెళ్లారు, అది వేరే విషయం. మన బిల్లుల్లో మాత్రం ఆ లైన్ అలాగే ఉంది.

ఇక ఆ సర్వీస్ సంగతి. ఆర్డర్ రాసుకున్న మనిషి మళ్లీ కనిపించడు. స్టార్టర్ సగం తినకముందే బిరియానీ తెచ్చి పెట్టేస్తారు, మనం దాని దగ్గరికి వచ్చేసరికి చల్లారిపోతుంది. శనివారం రాత్రయితే బయట నిలబడ్డవాళ్ల కోసం చేతిలో ముద్ద ఉండగానే ప్లేట్లు సర్దేస్తారు. అదే అమీర్‌పేటలో ఏ ఆంధ్రా మెస్‌కైనా వెళ్లండి. కందిపొడి వేసి, నెయ్యి పోసి, పప్పు మారు వడ్డించి, రసం పోసి, పెరుగు దగ్గరికి వచ్చాక ‘ఇంకొంచెం అన్నం పెట్టమంటారా’ అని అడుగుతాడు. బిల్లు మీద ఉండేది మీల్స్ ధర ఒక్కటే. నిజంగా వడ్డన ఉన్నచోట దానికి వేరే రేటు లేదు. లేనిచోట ఉంది. నాకు కోపం వచ్చేది అక్కడే.

సికింద్రాబాద్ పాతకాపు

న్యాయం మీవైపే ఉంది. కానీ టేబుల్ దగ్గర పరిస్థితి వేరు. ఎదురుగా వియ్యంకుడు కూర్చుని ఉంటే రెండొందల కోసం మేనేజర్‌ని పిలిచి వాదించలేం. ఆఫీసు వాళ్లతో వెళ్తే అసలే కుదరదు. ఆ మొహమాటం మీదే ఈ లైన్ నడుస్తోంది. అడిగినవాళ్లకు మారు మాట్లాడకుండా తీసేస్తున్నారు, అంటే అది తప్పనిసరి కాదని వాళ్లకూ తెలుసు. మా ఇంట్లో మాత్రం ఇది గొడవే. మా ఆవిడ కట్టేయమంటుంది, మా అబ్బాయి అడగమంటాడు.

పాత కెప్టెన్

నేను హైటెక్ సిటీ చుట్టుపక్కల రెస్టారెంట్లలో స్టీవార్డ్‌గా (వడ్డించేవాడిగా) మొదలై కెప్టెన్ (వాళ్ల పైన ఉండి ఆర్డర్లు చూసుకునేవాడు) దాకా పనిచేశాను. ఇప్పుడు మానేశాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

సర్వీస్ ఛార్జ్ మాకు వచ్చేది. అన్నిచోట్లా కాదు, కొన్నిచోట్ల. వచ్చినచోట పాయింట్ల లెక్క ఉంటుంది. కెప్టెన్‌కు ఇన్ని పాయింట్లు, స్టీవార్డ్‌కు ఇన్ని, తందూర్ దగ్గర నిలబడేవాడికి ఇన్ని, గిన్నెలు తోమేవాడికి ఇన్ని. నెలాఖరుకు వచ్చిన మొత్తాన్ని ఆ పాయింట్లతో పంచుతారు. పగిలిన గ్లాసులు, ప్లేట్ల డబ్బు అందులోంచే పట్టుకునేవాళ్లు ఉన్నారు. నెల మధ్యలో మానేసినవాడికి ఏమీ రాదు. రానిచోట మొత్తం ఓనర్ ఖాతాలోకే పోయేది. ఎంత వసూలైందో మాకు చూపించేవాళ్లు కాదు.

ఇంకో సంగతి. టిప్పు టేబుల్ దగ్గర కనిపించేవాడికే వస్తుంది. మీరు మెచ్చుకున్న ఆ బిరియానీ దమ్ చేసినవాడు మీకు కనిపించడు. ఒడిశా నుంచో, జార్ఖండ్ నుంచో, ఈశాన్య రాష్ట్రాల నుంచో వచ్చి, ఓనర్ ఇచ్చిన గదిలో పదిమందితో పడుకుని, పొయ్యి దగ్గర పన్నెండు గంటలు నిలబడతాడు. పాయింట్ల లెక్క సరిగ్గా నడిచినచోట అతనికి నాలుగు డబ్బులు వచ్చేవి. సర్వీస్ ఛార్జ్ తీసేస్తే అతనికి అదీ పోతుంది. పైగా ఫోన్‌లో డబ్బు కట్టడం వచ్చాక చిల్లర వదిలేసే అలవాటు పోయింది. మునుపు బిల్లు ఫోల్డర్‌లో యాభయ్యో వందో ఉండేది. ఇప్పుడు స్కాన్ చేసి లేచి వెళ్లిపోతారు.

మెస్ గురించి అన్నారు. ఆ పెరుగు దగ్గర అన్నం పెట్టే అబ్బాయి జీతం ఎంతో ఒకసారి అడిగి చూడండి. మారు వడ్డన బాగుంది సరే, ఆ అబ్బాయి ఆర్నెల్ల తర్వాత అక్కడ ఉంటాడా?

కొండాపూర్ హోటల్ ఓనర్

మా వైపు మాట కూడా వినండి. మేం కట్టే 5 శాతం జీఎస్టీలో ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ లేదు, అంటే మా ఖర్చుల మీద కట్టిన జీఎస్టీని అందులోంచి తగ్గించుకునే వీలు లేదు. 2017 నవంబర్ నుంచి ఇంతే. షాపు అద్దె మీద 18 శాతం జీఎస్టీ కడతాం, అందులో రూపాయి కూడా వెనక్కి రాదు. డెలివరీ యాప్‌ల కమీషన్ వేరు. నూనె ధర పెరిగితే మెనూ కార్డు వెంటనే మార్చలేం.

సర్వీస్ ఛార్జ్ బదులు ధరలోనే కలపమని కొందరంటారు. 320 ఉన్న పనీర్ బటర్ మసాలా 336 చేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. జనం ఫోన్‌లో మెనూలు పక్కపక్కన పెట్టుకుని చూసి అవతలి వీధికి వెళ్లిపోతారు. అందరూ ఒకేరోజు కలిపితే నేనూ కలుపుతాను. నేనొక్కడినే కలిపితే నాకే నష్టం. మా దగ్గర 5 శాతమే, గుమ్మం దగ్గరా మెనూ మొదటి పేజీలోనూ రాసి పెట్టాం. అది చదివి కూర్చున్నారంటే ఒప్పుకున్నట్టే కదండీ. వద్దంటే తీసేస్తాం కూడా. మా కుర్రాళ్లకు పీఎఫ్, ఈఎస్ఐ కడుతున్నాను, అది కూడా రాయండి.

మణికొండ భోజనప్రియ

ఓనర్ గారూ, మీరు నిజాయితీగా రాశారు. కానీ మీ మాటల్లోనే నా ప్రశ్నకు జవాబు ఉంది. 336 అని రాస్తే జనం రారు కాబట్టి 320 అని రాసి లోపలికి పిలుస్తున్నారు. మిగిలింది బిల్లులో చూపిస్తున్నారు. మెనూ చూసి ఖర్చు అంచనా వేసుకుని వచ్చేవాళ్లు నగరంలో చాలామంది ఉన్నారు. పిల్లల పుట్టినరోజుకు ఏడాదికి ఒకసారి బయటికి వచ్చే కుటుంబానికి ఆ రెండు మూడొందలు చిన్న మొత్తం కాదు. ఒప్పుకున్నట్టే అనే వాదన హోటల్ సంఘాలు కోర్టులో కూడా వినిపించాయి, అది నిలబడలేదు.

కెప్టెన్ అన్నా, వంటగదిలో వాళ్ల గురించి మీరు రాసింది నేను తీసిపారేయను. కానీ ఆ నాలుగు డబ్బులు జీతంలో రావాలి. జీతంలో ఉంటే పీఎఫ్ లెక్కలోకి వస్తుంది, మానేసినా ఆ నెల పనిచేసిన రోజులకు వస్తుంది, పగిలిన గ్లాసుకు కోత పెట్టడం అంత తేలిక కాదు. సర్వీస్ ఛార్జ్‌గా ఉన్నంత కాలం అది ఓనర్ దయ. మీరే అన్నారు, ఎంత వసూలైందో మీకు చూపించలేదని.

డాలస్ నుంచి

టిప్పు మీద జీతాలు నడిస్తే ఎలా ఉంటుందో మేం రోజూ చూస్తున్నాం. ఇక్కడ ఫెడరల్ చట్టం ప్రకారం టిప్పులు వచ్చే పనివాళ్లకు ఓనర్ చేతినుంచి ఇవ్వాల్సిన కనీస జీతం గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి మారలేదు. టెక్సాస్‌లోనూ అంతే. టిప్పులతో కలిపి గంటకు 7.25 డాలర్లు (మామూలు కనీస జీతం) రాకపోతే మిగతాది ఓనర్ వేయాలి. అంటే వడ్డించేవాళ్ల జీతం దాదాపు మొత్తం తినేవాళ్ల మీదే పడింది. మనవాళ్ల హోటల్లో కౌంటర్ దగ్గర నిలబడి దోశ పార్సిల్ తీసుకున్నా ట్యాబ్ మనవైపు తిప్పుతారు, టిప్పు 18, 20, 22 శాతం అని. ఇవ్వకపోతే ఆ పిల్లాడి అద్దె మనమే ఎగ్గొట్టినట్టు అనిపిస్తుంది. హైదరాబాద్ ఆ దారిలోకి వెళ్లకూడదనే నా కోరిక. ఒకసారి అలవాటైతే మళ్లీ వెనక్కి రాలేరు.

బెజవాడ బందరు రోడ్డు

మా ఊళ్లో సర్వీస్ ఛార్జ్ ఇంకా తక్కువే. మా బాధ నీళ్ల బాటిల్. కూర్చోగానే ‘మినరల్ వాటరా, నార్మలా సార్’ అని అడుగుతారు, నార్మల్ అంటే ముఖం అదోలా పెడతారు. ఇరవై రూపాయల బాటిల్‌కు యాభై వేస్తారు. హోటల్లో ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. అక్కడ జరిగేది ఒట్టి అమ్మకం కాదు, కూర్చోబెట్టడం, వడ్డించడం కలిసి ఉన్నాయన్నది వాదన. సరే, ఒప్పుకుందాం. వడ్డన ఖర్చు బాటిల్ ధరలోనే వచ్చేసింది కదా, మళ్లీ సర్వీస్ ఛార్జ్ దేనికి? 2025 ఆగస్టులో అప్పీల్ వింటూ ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ కూడా సంఘాలను ఇదే అడిగింది. నాకైతే ఈ ఒక్క ప్రశ్న చాలు.

పన్నుల గుమాస్తా

బిల్లు చూసేటప్పుడు ఇంకో రెండు గమనించండి. చిన్న హోటల్ కాంపోజిషన్ స్కీమ్‌లో ఉంటే (చిన్న వ్యాపారాలు సులువుగా జీఎస్టీ కట్టే పద్ధతి, ఏడాది టర్నోవర్ కోటిన్నర లోపు) కస్టమర్ దగ్గర జీఎస్టీ విడిగా వసూలు చేయకూడదు. ఆ సంగతి బిల్లు మీద రాసి ఉండాలి. మందు మీద ఉండేది వ్యాట్, జీఎస్టీ కాదు. రెండూ కలిపి ఒకే బిల్లు కొట్టి మొత్తం మీద జీఎస్టీ వేస్తే అడగండి. సర్వీస్ ఛార్జ్ తీయమంటే తీయకపోతే అక్కడ గొడవ పడక్కర్లేదు. కట్టేసి, బిల్లు జాగ్రత్తగా పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

సికింద్రాబాద్ పాతకాపు

1915 సరే. వియ్యంకుడి ముందు కూడా ఇబ్బంది లేకుండా అడిగే పద్ధతి ఏదైనా ఉందా కెప్టెన్ గారూ?

పాత కెప్టెన్

ఉంది. బిల్లు వచ్చాక కాదు, ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి. ‘సర్వీస్ ఛార్జ్ వేయొద్దు, మీకు విడిగా ఇస్తాం’ అంటే ఏ కెప్టెనూ బాధపడడు, అప్పుడే రాసుకుంటాడు. బిల్లు కొట్టాక తీయాలంటే చాలాచోట్ల సిస్టమ్‌లో మేనేజర్ పాస్‌వర్డ్ కావాలి. శనివారం రాత్రి మేనేజర్ గేటు దగ్గర వెయిటింగ్ లిస్టు పట్టుకుని ఉంటాడు. ఆయన్ని పట్టుకొచ్చేసరికి మీకు పావుగంట పోతుంది, మాకు తిట్లు పడతాయి. విడిగా ఇస్తామన్నది నోట్లలో ఇవ్వండి. బిల్లుతో కలిపి హోటల్ క్యూఆర్‌కు కొడితే అది క్యాష్ కౌంటర్‌కే పోతుంది. ఇచ్చేటప్పుడు ‘కిచెన్‌కు కూడా’ అనండి, ఆ మాట అంటే మావాళ్లు పంచుకుంటారు.