డాంబరు ఇంకిన చెలకలో పల్లి నూనె పోయవచ్చా?

పాలమూరు రైతు: జడ్చర్ల దగ్గర మా చెలకను ఒక రోడ్డు కాంట్రాక్టరు లీజుకు తీసుకుని డాంబరు మిక్సింగ్ ప్లాంటు నడిపారు. ఖాళీ చేసేటప్పుడు డాంబరు, కాలిన ఇంజిన్ ఆయిల్ ఇంకిన ఒక గుంట (121 చదరపు గజాలు) నేలను అలాగే వదిలేశారు. అక్కడ గడ్డి కూడా మొలవడం లేదు. పల్లి నూనె పోస్తే విషమంతా అందులోకి దిగిపోతుందని మా బావ అంటున్నారు. పోయమంటారా?

గానుగ మాట: పోయండి. మీ బావగారిది నాటు వైద్యం కాదు. డాంబరులో, కాలిన ఆయిల్‌లో పీఏహెచ్‌లనే హైడ్రోకార్బన్లు ఉంటాయి. వాటిలో బెంజోపైరీన్ క్యాన్సర్ కారకం. ఇవి నీటిలో దాదాపు కరగవు, నూనెలో బాగా కరుగుతాయి. పాత బొగ్గు గ్యాస్ కర్మాగారాల మట్టిని పొద్దుతిరుగుడు నూనెతో కడిగిన ప్రయోగాల్లో వీటిలో ఎక్కువ భాగం బయటికి వచ్చేసింది. వాడిన నూనెను యాక్టివేటెడ్ కార్బన్‌లో (విషాలను పట్టి ఉంచే ప్రత్యేకమైన బొగ్గు) వడకట్టి మళ్లీ వాడుకోవచ్చు.

లెక్కల మాస్టారు: గుంట నేల, అడుగు లోతు అంటే సుమారు 45 టన్నుల మట్టి. ఆ ప్రయోగాల్లో మట్టితో సమానంగానో, అంతకు రెట్టింపుగానో నూనె వాడారు. సమానమే అనుకుందాం. కిలో వంద రూపాయలకే దొరికినా 45 లక్షలు! గానుగ గారు హుషారుగా ఉన్నారంటే ఉండరా మరి.

గానుగ మాట: మాస్టారూ, మా గానుగ ఏడాదంతా తిరిగినా అంత నూనె రాదు లెండి. వడకట్టి వాడుకోవచ్చన్న మాట మీ లెక్కలోకి రాలేదు.

నేల పరీక్ష: ఖర్చు సంగతి తర్వాత. ఆ ప్రయోగాలు తొట్టెల్లో, గొట్టాల్లో జరిగాయి. నూనె ఎక్కడికి పోతుందో వాళ్ల చేతిలో ఉంది. చెలక ఇసుకపాలు ఎక్కువున్న నేల. పైన నూనె పోస్తే, ఇన్నాళ్లూ మట్టిని అంటిపెట్టుకుని కదలని విషాన్ని అదే కరిగించి కిందికి మోసుకుపోతుంది. పక్కన బోరు ఉందా? పైగా నూనె నానిన మట్టి నీటిని తోసేస్తుంది, విత్తనం తడవదు. సూక్ష్మజీవులు ఆ నూనెను తింటూ నేలలోని నత్రజనిని లాగేసుకుంటే పైరు పసుపెక్కుతుంది. ఇంకొకటి, రోడ్లకు వాడే డాంబరులో, అంటే పెట్రోలియం బిటుమెన్‌లో, పీఏహెచ్‌లు బొగ్గు తారులో కంటే చాలా తక్కువ. నాకు ఎక్కువ అనుమానం కాలిన ఆయిల్ మీదే. అందులో సీసం, జింకు లాంటి లోహాలూ ఉంటాయి, వాటిని ఏ నూనే కడగలేదు.

నల్లగొండ: మా ఫ్లోరైడ్‌కు కూడా పనికిరాదా? చౌటుప్పల్ వైపు మందుల కంపెనీల సాల్వెంట్ల (ద్రావకాల) సంగతేమిటి?

నేల పరీక్ష: ఫ్లోరైడ్‌కు పనికిరాదు. నీటిలోని ఫ్లోరైడ్‌కు మీ ఊరి పేరుతోనే పద్ధతి ఉంది కదా, పటిక, సున్నం కలిపేది. మెథనాల్, అసిటోన్ లాంటివి నీటిలోనే కలిసిపోతాయి, నూనెతో పని లేదు. ట్రైక్లోరోఇథిలీన్ వంటి క్లోరిన్ సాల్వెంట్లు భూగర్భజలంలో చేరితే మాత్రం కొన్ని దేశాల్లో నూనెను నీటిలో పాలలా కలిపి లోపలికి ఎక్కిస్తారు. అక్కడ అది కడగదు, సాల్వెంట్‌ను విడగొట్టే బ్యాక్టీరియాకు మేత అవుతుంది. ఆ పని మధ్యలో ఆగితే మరింత ప్రమాదకరమైన వినైల్ క్లోరైడ్ మిగులుతుంది.

గానుగ మాట: సరే, చేనులో పోయవద్దు. సిమెంటు తొట్టె కట్టి, మట్టిని తవ్వి ఆరబెట్టి అందులో కడగండి. తడి మట్టిలోకి నూనె సరిగా దిగదు.

లెక్కల మాస్టారు: కడిగాక విషం పట్టిన ఆ కార్బన్‌ను ఎక్కడ పారేస్తారు? దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే కదా? ఎలాగూ అక్కడికే పంపాలంటే, నల్లగా గడ్డకట్టిన మట్టినే నేరుగా పంపితే పోలా? మరకలు తక్కువున్న చోట పశువుల ఎరువు, కాస్త యూరియా వేసి, తడి ఆరనివ్వకుండా తిరగదున్నుతూ ఉండమనండి.

నేల పరీక్ష: తేలికపాటి పీఏహెచ్‌లకు అది చాలు. బెంజోపైరీన్ లాంటి బరువైనవి అంత తొందరగా లొంగవు. అక్కడ గానుగ గారి తొట్టెను కొట్టిపారేయలేను.

పాలమూరు రైతు: బోరు నలభై అడుగుల దూరంలోనే ఉంది సార్, కాబట్టి నూనె పోయడం లేదు. నేలను యథాస్థితిలో అప్పగించాలని లీజు కాగితంలో రాసి ఉంది. గడ్డకట్టిన మట్టిని కాంట్రాక్టరు ఖర్చుతోనే ఎత్తించమని అడుగుతాను. మిగిలిన మట్టిని, బోరు నీటిని ల్యాబుకు పంపిస్తాను.

గానుగ మాట: బరువైనవి ఎక్కువున్నాయని తేలితే చెప్పండి. ఒక డ్రమ్ములో పది కిలోల మట్టితో చేసి చూద్దాం. నూనె నేనిస్తాను, ల్యాబు ఖర్చు మాస్టారుగారిది.