చామంతి మడి ఏపుగా ఉంది, ఒక్క మొగ్గ కూడా లేదు. పీకేయాలా?

పెరటిమొక్క:
అందరికీ నమస్కారం. ఇంటి ముందు మెట్ల పక్కన పది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పుతో మడి కట్టి చామంతి పిలకలు నాటాను. నాలుగు నెలలు దాటింది. మొక్కలు మోకాలి ఎత్తు వచ్చాయి, ఆకులు ముదురు పచ్చగా నిగనిగలాడుతున్నాయి, కానీ మొగ్గ లేదు. చలి మొదలైంది, నాకు పిలకలు ఇచ్చిన వాళ్ల ఇంట్లో అవే మొక్కలు విరగబూస్తున్నాయి. పూలు రావట్లేదన్న టెన్షన్‌తో పదిహేను రోజులకోసారి గుప్పెడు యూరియా వేస్తూ వచ్చాను, నీళ్లు రోజూ పోస్తున్నాను. నాకు అర్థం కానిది ఏంటంటే, మెట్ల గోడ చాటున మూలకు నాలుగు మొక్కలు ఉన్నాయి, మిగతా వాటికన్నా బక్కగా ఉంటాయి, వాటికి మాత్రం మొగ్గలు వచ్చాయి! మడి చివర బంతి కూడా వేశాను, దాని ఆకుల మీద ఈమధ్య సన్నటి తెల్ల చుక్కలు పడుతున్నాయి. అన్నీ పీకేసి కొత్తగా వేయమంటారా?

మట్టివాసన:
పీకకండి. ముందు యూరియా ఆపేయండి. అందులో ఉండేది నత్రజని ఒక్కటే, అది ఆకును, కొమ్మను పెంచుతుంది గానీ పువ్వును తేదు. మీ ఆకులు అంత ముదురు పచ్చగా ఉన్నాయంటే ఇప్పటికే ఎక్కువైందన్నమాట. రోజూ నీళ్లు కూడా వద్దు. వేలు మట్టిలోకి రెండు కణుపుల దాకా గుచ్చి చూడండి, తడి తగిలితే ఆ రోజుకి వదిలేయండి. చామంతికి వేరు దగ్గర నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది. మడిలో ఖాళీ ఉన్నచోట అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్లు పోయండి, ఇంకిపోయాక మళ్లీ నింపండి, రెండోసారి గంటకు అంగుళం కూడా దిగకపోతే మట్టి బిగుసుకుపోయినట్టే. అప్పుడు వచ్చే సీజన్‌కి బాగా మాగిన పశువుల ఎరువు కలిపి మడిని అరడుగు ఎత్తు లేపాలి. ఈలోగా కొమ్మల చివర్లు తుంచేయండి, పక్క కొమ్మలు వస్తాయి.

పాతతోట:
యూరియా, నీళ్ల మాట నిజమేనండి, కానీ చివర్లు ఇప్పుడు తుంచకండి అమ్మా. తుంచడం నాటిన మూడు నాలుగు వారాలకు మొదలుపెట్టి పూత కాలానికి ముందే ఆపేయాలి. ఇప్పుడు తుంచితే వచ్చే మొగ్గ కూడా పోతుంది. నాకు ఒక్క సంగతి చెప్పండి, ఆ మడి మీద రాత్రిపూట ఏదైనా లైటు పడుతుందా?

పెరటిమొక్క:
పడుతుందండి. గుమ్మం పైన ఎల్ఈడీ లైటు ఉంది, సాయంత్రం వేస్తే తెల్లారే దాకా వెలుగుతూనే ఉంటుంది. మీరు అడిగాక రాత్రి బయటకెళ్లి చూశాను. మడి అంతా పట్టపగల్లా ఉంది, ఆ నాలుగు మొక్కల మీద మాత్రం మెట్ల గోడ నీడ పడుతోంది!

పాతతోట:
మీ జవాబు ఆ నీడలోనే ఉంది. చామంతి పగలు తగ్గి రాత్రి పెరిగే రోజుల్లోనే మొగ్గ వేస్తుంది. దానికి కావాల్సింది మధ్యలో తెగని పొడుగాటి చీకటి. నడిరాత్రి కొద్ది గంటలు వెలుగు పడినా చాలు, ఇంకా పెద్ద పగళ్లే నడుస్తున్నాయనుకుని ఆకులు వేస్తూ పోతుంది. పగటి పొడవును బట్టి మొక్కలు పూతకొస్తాయని గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు 1920లోనే రాశారు, వాళ్లు ముఖ్యంగా గమనించింది పొగాకు మొక్కల్ని. చామంతిని అమ్మకానికి పెంచేవాళ్లు దీన్నే వాడుకుంటారు. పూత ఆలస్యం కావాలంటే రాత్రిళ్లు లైట్లు వేస్తారు, ముందుగా రావాలంటే సాయంత్రమే నల్ల గుడ్డ కప్పేస్తారు.

మీరు చేయాల్సింది చిన్న పని. పడుకునే ముందు కాదు, చీకటి పడేసరికే ఆ లైటు ఆపండి. తప్పనిసరిగా కావాలంటే వెలుగు గుమ్మం మీదే పడేలా చిన్న రేకు అడ్డం పెట్టండి. ఒక రోజు ఆపి ఒక రోజు వేస్తే లాభం లేదు, వరసగా చీకటి ఉండాలి. పువ్వు విచ్చడానికి రకాన్ని బట్టి ఆరు నుంచి పది వారాలు పడుతుంది, ఓపిక పట్టండి.

ఆకుచాటు:
బంతి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. ఆకు కింద తెల్ల కాగితం పట్టుకుని రెండుసార్లు తట్టండి. ధూళిలాంటి చుక్కలు రాలి, కాసేపటికి మెల్లగా కదిలితే అవి ఆకుల రసం పీల్చే నల్లులు, మంచాల్లో ఉండేవి కావు. ముదిరితే ఆకుల మధ్య సాలెగూడు లాంటి సన్నటి గూడు కూడా కనిపిస్తుంది. గోడ వేడి, పొడి గాలి ఉన్నచోట ఇవి త్వరగా పెరుగుతాయి, నత్రజని ఎక్కువైన లేత ఆకులంటే వీటికి మరీ ఇష్టం. బాగా పట్టిన ఆకులు తీసి దూరంగా పారేయండి. రెండు మూడు రోజులకోసారి పొద్దున్నే ఆకుల అడుగు భాగాన్ని పైపు నీళ్లతో గట్టిగా కడగండి, చాలావరకు దీంతోనే పోతాయి. తగ్గకపోతే లీటరు నీళ్లలో 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల లిక్విడ్ సోప్ కలిపి సాయంత్రం పూట కొట్టండి. ముందు ఒక కొమ్మ మీద కొట్టి రెండు రోజులు చూడండి, ఎండలో మాత్రం అసలు వద్దు, ఆకులు మాడిపోతాయి. వాడిన పూలు తొడిమతో సహా తెంపేస్తూ ఉండండి, విత్తనం కట్టే పని లేకపోతే బంతి మళ్లీ మళ్లీ పూస్తుంది.

పెరటిమొక్క:
ఐదు వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను. యూరియా మానేశాను, గుమ్మం లైటు తీసేసి దాని బదులు లోపల గదిలో లైటు వేసుకుంటున్నాం. ఇవాళ పొద్దున మడి దగ్గర కూర్చుని ఒక్కో కొమ్మ వంచి చూస్తే, చివర ఆకుల మధ్య మిరియపు గింజంత మొగ్గలు, దాదాపు ప్రతి మొక్కకీ! గోడ చాటున ఉన్న నాలుగూ ఇప్పటికే పూశాయి, పసుపు రంగు. బంతికి కాగితం పట్టి చూశాను, నల్లులే, కడగడంతోనే తగ్గాయి. పాతతోట గారూ, ఒక్కో కొమ్మకు నాలుగైదు మొగ్గలున్నాయి, పెద్ద పువ్వు రావాలంటే పక్క మొగ్గలు తీసేయాలా?

పాతతోట:
చాలా సంతోషం అమ్మా. ఒకే పెద్ద పువ్వు కావాలంటే మధ్య మొగ్గ ఉంచి మిగతావి గింజంతగా ఉన్నప్పుడే గిల్లేయండి. మడి నిండుగా కనిపించాలంటే ముట్టుకోకండి. నేనైతే అన్నీ ఉంచుతాను.