ముందు ఎడమ చక్రం బేరింగ్ పోయినట్టుంది, విప్పే ముందు సలహా కావాలి

పాత డీజిల్ పికప్, వెనక చక్రాల డ్రైవ్. ముందు హబ్‌లో (చక్రం బిగించే మధ్యభాగం) లోపలొకటి, బయటొకటి టేపర్ రోలర్ బేరింగులు. వేగం 40 దాటితే గుయ్యిమని మోత. స్టీరింగ్ కుడికి తిప్పితే పెరుగుతోంది, ఎడమకి తిప్పితే తగ్గుతోంది. కుడి మలుపులో బరువు ఎడమ చక్రం మీద పడుతుంది కాబట్టి అనుమానం దాని మీదే. ముందు టైర్లు వెనక్కి మార్చినా మోత అక్కడే ఉంది.

జాకీతో లేపి, స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టక్‌టక్‌మని ఆట (వదులు). ఇంకొకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే ఆ ఆట పోతోంది, అంటే బాల్ జాయింట్ (సస్పెన్షన్ కీలు) కాదు. నకిల్ (స్టీరింగ్‌తో పాటు తిరిగే, చక్రాన్ని మోసే భాగం) మీద చెయ్యి పెట్టి చక్రం తిప్పితే ఇసుక నలిగినట్టు గరగర. హబ్ మూత తీస్తే గ్రీజు నల్లగా, అందులో వెండిపొడిలా మెరుపు. ఈ స్థితిలో ఆట పోగొట్టడానికి హబ్ నట్టు బిగించడం ప్రమాదం, వేడెక్కి పట్టేస్తుంది.

పాత కప్పులు (బేరింగ్ బయటి రింగులు) హబ్‌లోనే ఉంచి కోన్‌లు (రోలర్లతో ఉండే లోపలి రింగులు, అంటే లోపలి రేసులు) మాత్రం మార్చమని ఒక సలహా వచ్చింది. అరిగిన కప్పులో కొత్త రోలర్లు ఎన్నాళ్లు ఆగుతాయి? రెండూ జతగానే మార్చాలని నా నమ్మకం.

అసలు భయం స్పిండిల్ (బేరింగులు కూర్చునే ఇరుసు) గురించి. లోపలి రేసు దాని మీద తిరిగి గీతలు పడి ఉంటే, ఎమరీ కాగితంతో ఎంతవరకు సరిచేయొచ్చు? ఏ గుర్తు కనిపిస్తే స్పిండిల్ మార్చక తప్పదు?