స్లిప్, స్లైడ్: రెండూ ‘జారడమే’నా?

ప్రశ్న: తెలుగులో ‘జారాడు’ అని ఉంటే ఇంగ్లీషులో స్లిప్ అనాలా, స్లైడ్ అనాలా? నిఘంటువు చూస్తే రెండింటికీ ‘జారు’ అనే ఉంది. తేడా పట్టుకునే ఉపాయం ఉందా అండీ?

జవాబు: క్రియ ముందు ‘చటుక్కున’ పెట్టి చూడండి, తర్వాత ‘సర్రున’ పెట్టి చూడండి. తడిబండ మీద చటుక్కున కాలు జారింది, అది స్లిప్. పిల్లాడు జారుడుబల్ల మీంచి సర్రున జారాడు, అది స్లైడ్. స్లిప్‌లో ముఖ్యం పట్టు తప్పడం. స్లైడ్‌లో ముఖ్యం ఒంటికీ బల్లకీ మధ్య రాపిడి చివరిదాకా తెగకుండా సాగడం. రెండూ వెంటవెంటనే జరగొచ్చు కూడా: చెరువుగట్టు మీద అడుగు తప్పడం స్లిప్, అక్కణ్ణుంచి బురదలో నీళ్లదాకా పోవడం స్లైడ్.

చేజారడం, నోరు జారడం ఎప్పుడూ స్లిప్పే. ‘కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం’ అన్నప్పుడు రెండుచోట్లా అదే మాట.

మరొకరు: యంత్రాల దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. క్లచ్ ప్లేటు అరిగితే ఇంజను రొద పెరుగుతుంది, బండి వేగం మాత్రం అందుకోదు. దాన్ని స్లిప్ అంటారు, స్లైడ్ అనరు. 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే నాలుగు పోళ్ల (అయస్కాంత ధ్రువాల) ఇండక్షన్ మోటారులో అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. పూర్తి లోడు మీద రోటరు, అంటే మోటారులో తిరిగే భాగం, 1440 తిరిగిందంటే, ఆ 60 చుట్ల వెనకబాటే స్లిప్, అంటే 4 శాతం. ఆ తేడా సున్నా అయితే రోటరులో కరెంటు పుట్టదు, టార్కూ (తిప్పే బలం) ఉండదు. ఇక్కడ ‘జారుడు’ అని అనువదిస్తే చదివేవాడు దారి తప్పుతాడు. ‘వెనకబాటు’ అనడమే మేలు.

ప్రశ్న: మరి జారుముడి? ముడి తాడు వెంబడి సాగుతుంది కదా, దాన్ని స్లిప్ నాట్ అంటారేం?

జవాబు: మంచి ప్రశ్న. స్లిప్‌కి ‘అడ్డు లేకుండా, సులువుగా’ అనే అర్థం కూడా ఉంది. సభలోంచి ఎవరి కంటా పడకుండా పోతే ‘స్లిప్ అవే’ (slip away) అంటారు. మన ‘జారుకున్నాడు’ అచ్చంగా అదే. తలుపు కిందనుంచి చీటీని స్లిప్ చేశాడంటే గుట్టుగా తోశాడని. స్లైడ్ చేశాడంటే చీటీ నేలను రాసుకుంటూ పోవడం కళ్లకు కడుతుంది.

హెలికాప్టర్ ఆహార పొట్లాలు జారవిడిచిందంటే మాత్రం రెండూ కుదరవు, అక్కడ డ్రాప్ అనాలి. ఇంకొకటి, స్లైడ్‌కి భూతకాలం స్లిడ్. స్లైడెడ్ అని రాయకండి.