పిల్లలు పెట్టించి వదిలించుకుంటున్న లాబ్రడార్: డబ్బిచ్చి తెచ్చుకోవచ్చా?

బెజవాడ_భవానీపురం:
మా వీధి చివర డాబా మీద రేకుల షెడ్డు, బోనుల్లో పది దాకా కుక్కలు. "45 రోజుల పిల్లలు, ఇంటికే డెలివరీ" అని ఆన్‌లైన్‌లో ప్రకటన. బక్కచిక్కిన ఆడ లాబ్రడార్ ఒకటి ఇక పిల్లలు పెట్టదట, ఐదు వేలిస్తే ఇచ్చేస్తాడట. కొని విడిపిద్దామా, ఫిర్యాదు చేద్దామా? ఇంటికి తెస్తే ముందు ఏం చెయ్యాలి?

అరండల్‌పేట_గుంటూరు:
డబ్బు మాత్రం ఇవ్వకండి. ఆ ఐదు వేలూ ఇంకో ఆడకుక్కకి పెట్టుబడి అవుతాయి. ఊరికే ఇస్తానంటే తీసుకోండి. కుక్క మీద తనకిక హక్కు లేదని సంతకం పెట్టించుకోండి, లేకపోతే రేపు "నా కుక్కని ఎత్తుకెళ్లారు" అంటాడు.

ఫిర్యాదుకి ఆ ప్రకటనే మీ బలం. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం 8 వారాలు, అంటే 56 రోజులు నిండని పిల్లని అమ్మకూడదు. అమ్మేవాళ్లంతా గొప్పగా చెప్పుకునే "45 రోజులు" అక్కడే తప్పింది. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ లేకుండా ఈ వ్యాపారమే చెయ్యకూడదు. ఒక్కో ఆడకుక్కకి జీవితం మొత్తంలో 5 కాన్పులే హద్దు.

తేదీ, ఫోన్ నంబరు కనబడేలా స్క్రీన్‌షాట్లు, రోడ్డు మీంచి తీసిన వీడియో జతచేసి స్టేషన్‌లో రాసిచ్చి రసీదు తీసుకోండి. గోడ మాత్రం దూకొద్దు, కేసు మీ మీదకి తిరుగుతుంది. ఒక కాపీ జిల్లా పశుసంవర్ధక శాఖకి, ఇంకోటి కలెక్టరుకి. జిల్లా జంతుహింస నివారణ సంఘానికి అధ్యక్షులు కలెక్టరే. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద మొదటి తప్పుకి జరిమానా 10 నుంచి 50 రూపాయలు! అందుకే హింస ఒక్కటే రాసి ఊరుకోకుండా రిజిస్ట్రేషన్ సంగతి మొదటి వాక్యంలోనే పెట్టండి.

గన్నవరం_వెట్:
కుక్క చేతికొచ్చాక జనం చేసే మొదటి పొరపాటు, జాలిపడి గిన్నెడు పెరుగన్నం పెట్టడం. చాలారోజులు పస్తులున్న ఒంట్లోకి పిండిపదార్థం ఒక్కసారిగా వెళితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోతాయి, ప్రాణం మీదికొస్తుంది. 20 కిలోల కుక్కకి విశ్రాంతిలో రోజుకి సుమారు 660 క్యాలరీలు కావాలి. తొలిరోజు అందులో పావు వంతే: చర్మం తీసి ఉడికించిన కోడిమాంసం 100 గ్రాములు, ఆరు విడతలుగా. ఉల్లి, వెల్లుల్లి, మసాలా వద్దు. రోజుకి ఇంకో పావు చొప్పున పెంచుతూ నాలుగో రోజుకి పూర్తి కొలతకి రండి. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

ఉండలు కట్టిన జుట్టుని స్నానానికి ముందే కత్తిరించాలి, తడిస్తే ఇంకా బిగుస్తుంది. బోనులో ఉన్న కుక్కకి గోళ్లు వంపు తిరిగి పాదంలోకి దిగుతాయి, వేళ్ల మధ్య విప్పి చూడండి. తోక కింద చీము, దానికితోడు విపరీతమైన దాహం ఉంటే గర్భసంచిలో చీము పట్టిందని అనుమానించి అదే రోజు గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లండి. పిడుదులున్నా, చిగుళ్లు పాలిపోయినా రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) చూశాకే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్.

బెజవాడ_భవానీపురం:
ఇంట్లో మూడు నెలల కుక్కపిల్ల కూడా ఉందండి. రోజూ ఫినాయిల్‌తో తుడుస్తాం, చాలదా?

గన్నవరం_వెట్:
చాలదు. కుక్కపిల్లల ప్రాణం తీసే వాంతులు, రక్తవిరేచనాలు తెచ్చే పార్వో వైరస్ ఫినాయిల్‌కి చావదు, నేలలో నెలల తరబడి బతుకుతుంది. ముందు మలం, మురికి సబ్బుతో కడిగేసి, ఒక వంతు లిక్విడ్ బ్లీచ్‌కి 30 వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచండి. మురికి మీదే పోస్తే బ్లీచ్ పని చెయ్యదు. కొత్త కుక్కకి రెండు వారాలు వేరే గది, వేరే గిన్నె, వేరే చెప్పులు. మీ కుక్కపిల్లకి 16 వారాలు దాటేదాకా టీకాలు మూడు నాలుగు వారాలకోసారి పడాలి, కార్డు మీద బ్యాచ్ నంబరున్న స్టిక్కర్లు ఉన్నాయో లేదో ఈరోజే చూడండి.